కృష్ణ ఒడ్డున చెత్త ఏరడానికి బయల్దేరేముందు

ఆదివారం పొద్దున యాభైమంది గ్లౌజులు తొడుక్కుని కృష్ణ ఒడ్డుకు పోతే రెండు మూడు గంటల్లో ట్రాక్టర్ ట్రాలీ నిండుతుంది. అంతమంది రాకపోయినా నిండుతుంది, చెత్తకేమీ కొదవ లేదు. చిక్కంతా ఆ రెండు మూడు గంటలకు ముందూ వెనకా ఉంది. ఆ ఒడ్డున కాలు పెట్టడానికి ఎవరిని అడగాలి? ఏ నెలలో పోవాలి? ఏది ఏరాలి, ఏది ముట్టుకోకూడదు? నిండిన ట్రాలీ ఎటు పోవాలి? వీటికి జవాబు వెతక్కుండా జరిపిన శుభ్రత కార్యక్రమాలు నల్లమల అంచు ఊళ్లలో చాలానే చూశాను. పొద్దున ఏరిన బస్తాలు సాయంత్రానికి ఊరవతల వాగు గట్టున తేలిన సందర్భాలున్నాయి. వాన పడితే ఆ వాగు పోయి కలిసేది మళ్లీ కృష్ణలోనే.

అందుకని ప్రకృతిని ఎందుకు కాపాడుకోవాలో ఇక్కడ చెప్పబోవడం లేదు. అది అందరికీ తెలిసిందే. నాగర్‌కర్నూల్, నల్లగొండ జిల్లాల కృష్ణ తీరంలో, ముఖ్యంగా అమ్రాబాద్ పులుల అభయారణ్యం చుట్టుపక్కల, స్వచ్ఛందంగా చెత్త ఏరే పని కనిపించినంత సులువు ఎందుకు కాదో, ఎలా చేస్తే అక్కరకొస్తుందో చూద్దాం.

ఒడ్డు ఎవరిది?

ఊళ్లో అడిగితే ‘గవర్నమెంటుది’ అంటారు. నిజమే, కాకపోతే ఆ గవర్నమెంటు ఒక్కటి కాదు. శ్రీశైలం జలాశయం పూర్తి నీటిమట్టం 885 అడుగులు, నాగార్జునసాగర్‌ది 590 అడుగులు. ఆ గీత లోపల నీళ్లున్నా, నీళ్లు తగ్గి బురద తేలినా నీటిపారుదల శాఖ మాట నడుస్తుంది. గీత దాటి పైకి వస్తే చాలాచోట్ల అటవీ శాఖ. స్నానఘట్టం ఊడ్చే బాధ్యత పంచాయతీది, మెట్ల పైన గుడి ఉంటే దేవాదాయ శాఖ. లాంచీ, హరిత హోటల్ ఉన్నచోట పర్యాటక శాఖ. నీళ్లలో చేప మత్స్య శాఖకూ మత్స్యకారుల సొసైటీకీ సంబంధించిన సంగతి. నది నడిమధ్య దాటితే ఆంధ్రప్రదేశ్. కొల్లాపూర్ దగ్గరి సోమశిల రేవులో నిలబడి నాలుగు దిక్కులా చూస్తే వీటిలో సగానికి పైగా అక్కడే కనిపిస్తాయి. ఇంతమందికి హక్కున్న చోట చీపురు పట్టేవాళ్లు ఎవరూ ఉండరు. ‘అది మా పరిధి కాదు’ అనడానికి మాత్రం ప్రతివాళ్లకూ ఒక కాగితం ఉంటుంది.

అభయారణ్యం లోపల సంగతి ఇంకా వేరు. 1983లో నాగార్జునసాగర్–శ్రీశైలం పేరుతో ఏర్పడిన పులుల అభయారణ్యం రాష్ట్ర విభజన తర్వాత రెండైంది. ఇటువైపు మిగిలింది అమ్రాబాద్. మొత్తం 2,611 చదరపు కిలోమీటర్లు, అందులో 2,166 కోర్ ప్రాంతం, అంటే పులుల కోసం కట్టుదిట్టంగా కాపాడే నడిమి అడవి. దక్షిణపు సరిహద్దు పొడుగునా కృష్ణే.

1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం 27వ సెక్షన్ ప్రకారం ఇలాంటి చోటికి ఊరికే పోవడం కుదరదు. విధుల్లో ఉన్న ఉద్యోగులకు, అనుమతితో అక్కడ నివసించేవాళ్లకు, లోపల భూమి హక్కున్నవాళ్లకు, పబ్లిక్ రోడ్డు మీద ప్రయాణించేవాళ్లకు మినహాయింపు ఉంది. మిగతావాళ్లకు 28వ సెక్షన్ కింద పర్మిషన్ ఇస్తారు. ఎందుకు ఇవ్వొచ్చో కూడా చట్టంలోనే రాసి పెట్టారు: వన్యప్రాణుల అధ్యయనం, ఫొటోలు, శాస్త్ర పరిశోధన, పర్యాటకం, లోపల ఉండేవాళ్లతో చట్టబద్ధమైన లావాదేవీ. చెత్త ఏరడం ఆ జాబితాలో లేదు. తమాషా ఏమిటంటే, అభయారణ్యం నేల మీద చెత్త వేయకూడదని అదే 27వ సెక్షన్‌లో ఉంది. వేస్తే తప్పు, ఏరుతానంటే పర్మిషన్ కావాలి.

దీనికి కోపం తెచ్చుకోనక్కర్లేదు. మంచిపని పేరుతో యాభైమంది చెట్టుకొకరు పుట్టకొకరుగా పులి తిరిగే చోట తిరిగితే జరిగే నష్టం ప్లాస్టిక్ సీసా చేసే నష్టం కన్నా తక్కువేమీ కాదు. ఆచరణలో దీనికి దారి ఒకటే. కార్యక్రమం అటవీ శాఖది కావాలి, మనం వాళ్లతోపాటు పోయే మనుషులం కావాలి. అటవీ రేంజ్ ఆఫీసుకో జిల్లా అటవీ అధికారికో (డీఎఫ్‌వో) రెండు మూడు వారాల ముందే ఉత్తరం ఇవ్వాలి. ఎంతమంది, ఏ వయసువాళ్లు, ఎన్ని బండ్లు, ఏ వాగు నుంచి ఏ మలుపు దాకా, ఎన్ని గంటలకు మొదలుపెట్టి ఎన్నింటికి బయటికి వస్తారు, ఏరింది ఎక్కడికి తీసుకుపోతారు, అన్నీ అందులో ఉండాలి. చివరి ప్రశ్నకు జవాబు రాసిన ఉత్తరాలు చాలా అరుదు. రాసి చూడండి, ఆఫీసులో మీకు కుర్చీ వేస్తారు.

మొదటిసారి పోయే బృందానికి నా సలహా, అడవి లోపలి ఒడ్డు జోలికి పోకుండా ఊరిని ఆనుకున్న రేవులతో మొదలుపెట్టమనే. బీచుపల్లి, సోమశిల, నల్లగొండ వైపు వాడపల్లి. అక్కడ పంచాయతీని, గుడివాళ్లను కలిస్తే పని మొదలవుతుంది. పులి ఉన్నచోటే శుభ్రం చేయాలన్న సరదా ఫొటోలకు పనికొస్తుందేమోగానీ, చెత్త ఎక్కువుండేది మనుషులు దిగే చోటే.

చెత్త వచ్చే దారులు

ఒడ్డున కనిపించే చెత్త అంతా ఒకటిగా అనిపిస్తుంది. ఒక బస్తా టార్పాలిన్ మీద బోర్లించి పరిస్తే తెలుస్తుంది, అది రకరకాల దారుల్లో వచ్చిందని. ప్రతి దారికీ మందు వేరు.

మొదటిది రోడ్డు. హైదరాబాద్ నుంచి శ్రీశైలం పోయే రహదారి మన్ననూరు చెక్‌పోస్టు దాటగానే అభయారణ్యంలోకి దిగుతుంది. ఫరహాబాద్, వటవర్లపల్లి, దోమలపెంట, ఈగలపెంట మీదుగా పాతాళగంగ దాకా అంతా అడవే. రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా వాహనాలను వదలరు, కాబట్టి జంతువులకు కనీసం ఆ కాసేపు నెమ్మది. పగలు మాత్రం కారు అద్దం దించి కోతులకు అరటిపండ్లు, బిస్కెట్లు వేయడం పుణ్యంలో భాగమైపోయింది. పండు కోతికి పోతుంది, కవరు చెట్టు కింద ఉండిపోతుంది. తిండి వాసన, ఉప్పు అంటిన కవర్లను జింకలు నములుతాయి. కోతులు తిండి కోసం రోడ్డెక్కి బండ్ల కింద పడతాయి. తొలకరికి మిగిలినదంతా గండ్ల గుండా లోయలోకి, అక్కణ్నుంచి కృష్ణలోకి జారుతుంది.

ఈ రోడ్డు వెంట చెత్త ఏరే పని ఇప్పటికే జరుగుతోంది. అటవీ శాఖ నల్లమల ఆదివాసులైన చెంచులను స్వచ్ఛ సేవకులుగా పెట్టుకుంది. ఒక్కసారి వాడి పారేసే ప్లాస్టిక్‌ను 2024 నుంచి అభయారణ్యంలో నిషేధించింది కూడా. దేశమంతటా 2022 జూలై 1న వచ్చిన నిషేధంలో ప్లాస్టిక్ ప్లేట్లు, గ్లాసులు, చెంచాలు, స్ట్రాలు ఉన్నాయిగానీ, నీళ్ల సీసా లేదు. కుర్‌కురే ప్యాకెట్ లేదు. అంటే రోడ్డు మీద నిజంగా ఎక్కువ పడేవి ఆ జాబితాకు బయటే ఉండిపోయాయి. నీళ్ల సీసా గురించి ఇంకో మాట. ఫ్లోరైడ్‌తో నడుములు వంగిపోయిన మనుషులను తరాలుగా చూసిన జిల్లా నల్లగొండ. బోరు నీళ్లంటే ఇక్కడివాళ్లకున్న భయం ఊరికే వచ్చింది కాదు. సీసా కొనుక్కున్నవాణ్ని తిట్టేకంటే, దారిలో నమ్మకంగా నింపుకునే మంచినీళ్ల కుళాయిలు పెట్టించడం మీద శ్రమ పెడితే ఫలితం ఉంటుంది.

రెండోది భక్తి. ఇది సున్నితమైన విషయం, అందుకే చాలామంది దాటేస్తారు. చైత్ర పౌర్ణమికి అడవి లోపల సలేశ్వరం లింగమయ్య జాతర. ‘వస్తున్నం లింగమయ్యా’ అంటూ లోయలోకి దిగుతారు, ‘పోతున్నం లింగమయ్యా’ అంటూ ఎక్కుతారు. ఆ కొద్ది రోజుల్లో వేలమంది నడిచే దారి అది. ఎండాకాలం కాబట్టి నీళ్ల ప్యాకెట్లు, అన్నదానం దగ్గర ప్లేట్లు. ఆకు విస్తరిలా కనిపించే ఆకుపచ్చ ప్లేటు చాలాసార్లు ఆకు కాదు, కాగితానికి పల్చటి ప్లాస్టిక్ పొర అంటించింది. చించి చూస్తే పొర సాగుతుంది.

ఇక రేవుల దగ్గర బట్టలు. పుష్కరాలకు, కార్తీకానికి, అస్థికలు కలపడానికి వచ్చినవాళ్లు స్నానం చేసి కట్టుకున్న బట్ట నదిలో వదిలేస్తారు. నూలు చీర అయితే కొన్నాళ్లకు మగ్గిపోయేది. ఇప్పుడు వదిలేవన్నీ పాలిస్టర్. ఒడ్డున తుమ్మ వేర్లకు చుట్టుకున్న ఒక చీర లాగి చూడండి. పైకి కనిపించేది జానెడు కొంగు. మిగతాదంతా ఒండ్రులో ఉంటుంది. ప్రతి మడతలో బురద నిండి, గట్టిపడి, ఇద్దరు పట్టి లాగినా రాదు. జోరుగా గుంజితే చీర చిరగదు, వేరు తెగుతుంది, వేరుతోపాటు గట్టు పెళ్ల ఊడుతుంది. పార తీసుకుని చుట్టూ మట్టి తవ్వి, బురద వదిలించుకుంటూ మడత మడతా విప్పుకోవాలి. లేకపోతే కనిపించిన మేరకు కోసి మిగతాది వదిలేయాలి. ఒక్క చీరకు ఇద్దరు మనుషులు అరగంట. దాని మడతల్లో పసుపు కుంకుమ ప్యాకెట్లు, పగిలిన గాజులు, ఒక్కోసారి పటం కట్టిన దేవుడి బొమ్మ దొరుకుతాయి. పటాన్ని చెత్త బస్తాలో వేయడానికి చాలామందికి చేతులు రావు. వేయమని బలవంతపెట్టకూడదు కూడా. పటాలకు వేరే సంచి పెట్టి గుడివాళ్లకు అప్పగిస్తే గొడవ ఉండదు.

మూడోది నది తెచ్చిపెట్టేది. మహాబలేశ్వరంలో పుట్టిన కృష్ణ మహారాష్ట్ర, కర్ణాటక దాటి నారాయణపేట జిల్లా తంగిడి దగ్గర తెలంగాణలోకి వస్తుంది. జూరాల దాటాక, కర్నూలును ఒరుసుకుంటూ వచ్చిన తుంగభద్ర ఆలంపురం అవతల కలుస్తుంది. దారిలోని ప్రతి పట్నం తన వంతు కలుపుతుంది. దీనికి తోడు మన నీళ్లలోనే తెగిపోయిన నైలాన్ వలలు. కొల్లాపూర్ వైపు ‘అలవి వలలు’ అనే మాట వినే ఉంటారు. చేపపిల్లలను కూడా వదలని సన్నకన్నుల వలలు అవి, వాడకం నిషేధం. అయినా నీళ్లలో ఉంటాయి. తెగి కొట్టుకుపోయిన వల పట్టడం మానదు. తాబేళ్లు, నీటికుక్కలు, నీళ్లలో మునిగే పక్షులు అందులో చిక్కుతాయి. వల కనిపిస్తే గుంజకండి. వాడుకలో ఉన్న వల ఏదో, తెగిపోయింది ఏదో మనకు తెలియదు. ఒకరి బతుకుదెరువును చెత్త అనుకుని కోసేస్తే ఆ రేవులోకి మళ్లీ రానివ్వరు. బృందంలో మత్స్యకారులు ఒకరిద్దరు ఉంటే ఈ సమస్యే రాదు.

ఏ నెలలో పోవాలి?

శుభ్రత కార్యక్రమాల్లో చాలావాటికి తేదీ క్యాలెండర్ చూసి పెడతారు. పర్యావరణ దినోత్సవం జూన్ 5, గాంధీ జయంతి అక్టోబర్ 2. నది క్యాలెండర్ వేరు.

శ్రీశైలం వెనుకజలాలకు ఆగస్టు నుంచి అక్టోబర్ దాకా నిండుదనం. వరదతో వచ్చిన తేలే సరుకు, అంటే సీసాలు, థర్మకోల్ ముక్కలు, చెప్పులు, నీళ్లు ఎంతదాకా ఎక్కాయో అంతదాకా ఎక్కి ఆగిపోతుంది. నీళ్లు దిగడం మొదలుకాగానే ఒడ్డు పొడుగునా ఒక గీత మిగులుతుంది. నవంబర్ నుంచి జనవరి దాకా ఆ గీత వెంట నడుచుకుంటూ పోతే తక్కువ శ్రమతో ఎక్కువ దొరుకుతుంది. ఆలస్యం చేస్తే గాలికి కొంత అడవిలోకి పోతుంది, గడ్డి పెరిగి కొంత కప్పేస్తుంది.

బట్టలు, వలలు, గాజు సీసాలు మునిగే సరుకు. మార్చి, ఏప్రిల్‌లో నీళ్లు బాగా తగ్గితేగానీ అవి బయటపడవు. ‘అయితే ఎండాకాలంలోనే పోదాం’ అనిపిస్తుంది. సరిగ్గా ఆ నెలల్లోనే ఇసుక దిబ్బల మీద రివర్ టర్న్ లాంటి పక్షులు గుడ్లు పెడతాయి. గూడంటూ ఏమీ ఉండదు, ఇసుకలో చిన్న గుంట, ఇసుక రంగు గుడ్లు. కాలు పడేదాకా కనిపించవు. తల్లిపక్షి లేచి ఎగిరి అరుస్తుంటే మనం ముచ్చటగా చూస్తాం. అది లేచిన ఆ కాసేపట్లో ఎండకు గుడ్డు ఉడికిపోతుంది. మొసలి కూడా ఎండాకాలంలోనే ఒడ్డు ఇసుకలో గుంట తవ్వి గుడ్లు పెడుతుంది, వానలకు ముందు పిల్లలు వస్తాయి. తల్లి దగ్గర్లోనే ఉంటుంది.

కాబట్టి ఎండాకాలంలో పని రాతి మెట్లు, ఘాట్లు, ఊరి రేవులకే పరిమితం చేసుకోవాలి. ఇసుక దిబ్బలు, లంకలు వదిలేయాలి, అక్కడ ఎంత చెత్త కనిపించినా సరే. వానాకాలం మూడు నెలలు అడవి లోపలికి ఎలాగూ పోనివ్వరు.

ఇంకొకటి, డ్యాముల కింద పనిచేసేవాళ్లు మరిచిపోకూడనిది. జూరాల, దిగువ జూరాల, శ్రీశైలం, సాగర్, అన్నిచోట్లా కరెంటు తీస్తారు. కరెంటుకు గిరాకీ పెరిగితే టర్బైన్లు తిప్పుతారు, పైన ఎక్కడా వాన లేకపోయినా కింద గంటల్లో నీళ్లు పెరుగుతాయి. పొద్దున నడిచి వెళ్లిన బండలు మధ్యాహ్నానికి లంకలైపోతాయి. ముందురోజే ప్రాజెక్టు కంట్రోల్ రూముకు ఫోన్ చేసి అడగడానికి మొహమాటపడొద్దు. అవతలి ఒడ్డుకు పడవలో పోవాల్సి వస్తే లైఫ్ జాకెట్ లేనిదే ఎక్కకండి. ‘పుట్టిలో రోజూ పోతుంటం సార్, ఏం కాదు’ అంటారు. 2007లో మంచాలకట్ట దగ్గర పడవ మునిగి పదుల సంఖ్యలో ప్రాణాలు పోయింది ఈ నీళ్లలోనే.

ఏరకూడనివి

ఎండు కొమ్మలు, కొట్టుకొచ్చిన దుంగలు, కుళ్లిన ఆకు, రెల్లు, జమ్ము. ఇవి చెత్త కావు. దుంగ కింద చేపపిల్ల దాక్కుంటుంది, దుంగ మీద తాబేలు ఎండకు కూర్చుంటుంది. ఒడ్డును పెళ్లి ఇంటి వాకిలిలా చేయాలన్న ఉత్సాహంతో అన్నీ కుప్పపోసి నిప్పు పెట్టినవాళ్లున్నారు. అభయారణ్యంలో నిప్పు పెట్టడం చట్టప్రకారం నేరం. పైగా నల్లమల ఆకురాల్చే అడవి, వేసవిలో ఒక్క నిప్పురవ్వ చాలు. గుర్రపుడెక్క, సర్కారు తుమ్మ తీసేద్దామని కూడా కొందరు ఉబలాటపడతారు. సర్కారు తుమ్మ కొట్టేస్తే మొదలు నుంచి నాలుగు కొమ్మలు వేస్తుంది, గుర్రపుడెక్క తుంపితే ప్రతి తునకా మొక్కే. అది వేరే పని, వేరే పనిముట్లు, వేరే మనుషులు.

పాములూ తేళ్ల సంగతి పెద్దగా చెప్పనక్కర్లేదు, ఇక్కడివాళ్లకు కొత్తకాదు. కర్రతో కదిపి చూశాకే చెయ్యి పెట్టాలి. బూట్లు లేనివాళ్లను దింపొద్దు. పిల్లలను గాజు పెంకుల చోటికి అసలే తీసుకుపోవద్దు. మందు సీసా తాగి పక్కన పెట్టడం మనవాళ్లకు తృప్తినివ్వదు, బండకేసి కొట్టాల్సిందే. బట్ట గ్లౌజు ఆ పెంకుల ముందు నిలవదు, రబ్బరు పూత ఉన్నవి కొనాలి.

ట్రాలీ ఎటు పోవాలి?

అసలు చిక్కు ఇక్కడుంది. పల్లె ప్రగతి అనే ప్రభుత్వ కార్యక్రమం పుణ్యమా అని ఇప్పుడు ప్రతి గ్రామ పంచాయతీకీ ట్రాక్టర్, ట్రాలీ, ఒక డంపింగ్ యార్డు ఉన్నాయి. కార్యదర్శిని అడిగితే ట్రాక్టర్ పంపుతాడు. చాలామంది ఇక్కడితో పని అయిపోయిందనుకుని టిఫిన్‌కు పోతారు. ఆ ట్రాలీ యార్డుకు పోతుంది. యార్డు పక్కన తడి, పొడి చెత్త వేరు చేసే షెడ్డు ఉంటుంది, చాలాచోట్ల తాళం కూడా ఉంటుంది. యార్డుకు ఊళ్లో ఇచ్చిన జాగా ఎవరికీ పనికిరానిది, అంటే తరచుగా వాగు పక్కదే. బస్తాలు అక్కడ పడతాయి. కొన్నాళ్లకు ఎవరో అంటిస్తారు. కాలనిది వానకు వాగులో పడుతుంది. బహిరంగంగా చెత్త తగలబెడితే 5,000 రూపాయలు, పెద్దఎత్తున అయితే 25,000 జరిమానా అని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2016లోనే చెప్పింది. పొగ మాత్రం ఆగలేదు.

అందుకే ఏరేటప్పుడే వేరు చేయాలి. పారదర్శకంగా ఉండే నీళ్ల సీసాలు, గట్టి ప్లాస్టిక్ డబ్బాలు, ఇనుము, పగలని గాజు సీసాలు ఒక వైపు. వీటికి కబాడీ దుకాణంలో ధర ఉంది, కాంటా వేసి తీసుకుంటారు. మూత తీసి, బురద కడిగి, నలిపి ఇస్తే కాదనరు. వచ్చే డబ్బు తక్కువే, కానీ ఆ సరుకు మళ్లీ నదికి రాదన్న నమ్మకం ఉంటుంది.

గుట్కా, షాంపూ, చిప్స్ ప్యాకెట్లది వేరే కథ. ప్లాస్టిక్, అల్యూమినియం పొరలు కలిపి అతికించిన సరుకు అది. విడదీయడం గిట్టుబాటు కాదు, ఏ కబాడీ ముట్టుకోడు. దానికి ప్రస్తుతానికి ఉన్న దారి సిమెంటు బట్టీ. 1,400 డిగ్రీలు దాటిన వేడిలో బొగ్గుకు బదులుగా కొంతమేరకు కాల్చవచ్చు. కృష్ణ ఒడ్డునే వాడపల్లి నుంచి హుజూర్‌నగర్, మేళ్లచెరువు దాకా సిమెంటు ఫ్యాక్టరీలు వరసగా ఉన్నాయి కాబట్టి మనకు దూరాభారం లేదు. కాకపోతే అక్కడ తీసుకోవాలంటే సరుకు పొడిగా ఉండాలి, మట్టి ఉండకూడదు, బేళ్లుగా కట్టి ఉండాలి, లారీ నిండా ఉండాలి. నదిలో ఏరింది ఇందులో ఒక్క షరతుకు కూడా సరిపోదు. ఎండబెట్టి దులపాలి, కోతులు చిందరవందర చేయకుండా కాయాలి, అచ్చంపేట, కొల్లాపూర్, నందికొండ, దేవరకొండ లాంటి దగ్గరి మున్సిపాలిటీలో పొడి చెత్త కేంద్రం ఉంటే అక్కడికి చేర్చి వాళ్ల సరుకులో కలపాలి. దీనికి ముందే మాట్లాడుకోవాలి. ఆదివారం పన్నెండింటికి ట్రాలీతో గేటు ముందు నిలబడితే తాళం వేసి ఉంటుంది.

బురద పట్టిన పాలిస్టర్ చీరలకు మాత్రం మంచి దారి నాకు కనిపించలేదు. ఉతికినా ఎవరూ కట్టరు, కొనేవాళ్లూ లేరు. బురద వదిలించి ఎండబెట్టి సిమెంటు సరుకులో కలపడమే మిగిలింది. ఆ కష్టం చూశాక అర్థమవుతుంది, బట్ట నీళ్లలో పడకముందే రేవు మెట్ల మీద ఆపడం ఎంత చవకో. పెద్ద బుట్ట ఒకటి, పక్కన ‘అమ్మా, చీర ఇందులో వేయండి, నదికి చెందినట్టే’ అని మంచిగా చెప్పే ఊరి ఆడమనిషి ఒకరు. బోర్డు కన్నా మనిషి మాటే పనిచేస్తుంది. నది తల్లికి ఇచ్చినదాన్ని తిరిగి తీసుకోకూడదన్న పట్టింపు ఉన్నవాళ్లు కూడా, ఒక్కసారి నీళ్లలో ముంచి బుట్టలో వేయడానికి ఒప్పుకుంటారు.

చేతులతో అయ్యేది, కానిది

వాడపల్లి దగ్గర మూసీ కృష్ణలో కలుస్తుంది. అనంతగిరి కొండల్లో తేటగా పుట్టి, హైదరాబాద్ మురుగు మోసుకుని, నల్లగొండ, సూర్యాపేట పొలాలు తడిపి అక్కడికి చేరుతుంది. హైదరాబాద్ తాగే కృష్ణ నీళ్లేమో సాగర్ వెనుకజలాల నుంచి అక్కంపల్లి మీదుగా పోతాయి. పైన తీసుకున్నది కింద మురుగై తిరిగొస్తోంది. సంగమం దగ్గర ఎన్ని బస్తాలు ఏరినా ఆ నీళ్ల రంగు మారదు. దానికి కావాల్సింది మురుగు శుద్ధి కేంద్రాలు, ఫ్యాక్టరీల మీద నిఘా. వందమంది వాలంటీర్లు గ్లౌజులతో అక్కడ దిగితే అధికారులకు సంతోషమే, అడగాల్సిన ప్రశ్న ఎవరూ అడగరు కాబట్టి. చెత్త ఏరడం మంచిదే, దాన్ని మురుగుకు సమాధానంగా చూపిస్తే మాత్రం ఒప్పుకోకూడదు.

ఇంకో ఇబ్బందికరమైన ప్రశ్న కూలీది. రోడ్డు వెంట చెత్త ఏరే చెంచులకు అది జీతం వచ్చే పని. పట్నం నుంచి వచ్చినవాళ్లు ఉచితంగా చేసి పెడతామంటే ఆ జీతం అనవసరం అని ఎవరికైనా అనిపించవచ్చు. నా మట్టుకు, వాళ్లు రోజూ చేసే చోట మనం తలదూర్చకూడదు. వాళ్లకు ఒకరోజులో అయ్యే పని కానివి, గట్టులో కూరుకుపోయిన బట్టలు, లోయలో పడ్డ పాత గుట్టలు, అలాంటివాటికి మనుషుల సాయం పట్టుకుపోవాలి. ఆరోజు దారి చూపడానికి వచ్చిన చెంచులకు కూలీ కట్టివ్వాలి. స్వచ్ఛంద సేవ మనది, వాళ్లది కాదు.

మన చెత్త సంగతి కూడా చూసుకోవాలి. కార్యక్రమానికి ముందు కట్టే ఫ్లెక్సీ అచ్చమైన ప్లాస్టిక్. తలా ఒక నీళ్ల సీసా, ప్యాకెట్ ఇడ్లీ, అందులో చట్నీ పొట్లం. వీటికి బదులు ఇరవై లీటర్ల క్యాన్లు రెండు, స్టీలు గ్లాసులు, ఇంటి నుంచి టిఫిన్ డబ్బా చాలు. ఫ్లెక్సీ లేకపోతే పేపర్లో పడదని టెన్షన్ పడేవాళ్లు పాత బెడ్‌షీటు మీద రంగుతో రాయించుకోవచ్చు.

చివరిగా లెక్క. ‘రెండు టన్నులు తీశాం’ అన్న అంకె ఎవరికీ పనికిరాదు, తడిసిన చీరలుంటే బరువు ఎంతైనా చూపిస్తుంది. ఏ రకం ఎంత, ఏ చోట ఎంత అన్నది కావాలి. నీళ్ల సీసాలు, పొట్లాలు, ప్లేట్లు, బట్టలు, వలలు, మందు సీసాలు, వీటిని చోటు వారీగా ఒక కాగితం మీద గీతలు పెట్టుకుంటూ పోతే చాలు. ఒక మలుపు దగ్గర సీసాలే ఎక్కువుంటే అక్కడ ఆగే బస్సుల సంగతి చూడాలి. ఒక రేవులో బట్టలే ఎక్కువుంటే బుట్ట అక్కడ పెట్టాలి. వలలు ఎక్కువుంటే సొసైటీ వాళ్లతో కూర్చోవాలి. కాగితం నకళ్లు రేంజ్ ఆఫీసుకు, పంచాయతీకి, గుడికి తలా ఒకటి ఇచ్చి, రసీదు ముద్ర వేయించుకోవాలి. మరుసటి ఏడు అదే నెలలో, అదే చోట, అదే పద్ధతిలో మళ్లీ లెక్క తీయాలి.

కృష్ణా పుష్కరాలు 2016 ఆగస్టులో జరిగాయి, మళ్లీ 2028లో వస్తాయి. ఘాట్లకు టెండర్లు పిలిచేనాటికి ‘ఈ రేవులో మామూలు కార్తీకానికే ఇన్ని చీరలు, ఇన్ని ప్లేట్లు వస్తున్నాయి, పుష్కరాలకు ఇన్ని బుట్టలు, ఇంతమంది మనుషులు, ఇన్ని లారీలు కావాలి’ అని రాసి చూపించే కాగితం ప్రస్తుతానికి ఎక్కువ రేవులకు లేదు. బీచుపల్లి, సోమశిల, వాడపల్లి, మట్టపల్లి, నాగార్జునసాగర్, వీటిలో ఏదో ఒకటి పట్టుకుని వచ్చే కార్తీకం నుంచే మొదలుపెట్టవచ్చు.